తాగని గావా

అది రెండువేల ఏడో, ఎనిమిదో. చమురు ధర రోజుకో మెట్టు ఎక్కుతున్న కాలం. దోహాలో ఏ దిక్కు చూసినా క్రేన్లే. మా హోటల్ కిటికీలోంచి చూస్తే నిన్న లేని అంతస్తు ఇవాళ కనపడేది. మాది ఆర్మూరు దగ్గర పల్లె. మా వాళ్ళు ఇప్పటికీ నేను దుబాయ్‌లో చేశాననే చెప్పుకుంటారు. ఖతార్ అని చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను. అక్కడ నేను బాంక్వెట్ కెప్టెన్‌ని. హోటల్లో పెళ్ళయినా, మీటింగయినా బల్లలు వేయించడం దగ్గర్నుంచి ఎంగిలి కప్పులు ఎత్తించడం దాకా నాదే పూచీ.

ఎన్నో మీటింగులు చేశాను గానీ మనసులో నిలిచిపోయింది ఒక్కటే. ఇజ్రాయెల్ వాళ్ళు, పాలస్తీనా వాళ్ళు వచ్చారు. మంత్రులు కాదు. రిటైరైన అధికారులు, డాక్టర్లు, లాయర్లు. ఇలాంటి చర్చల్ని ట్రాక్ టూ అంటారని మా మేనేజర్ చెప్పాడు. ప్రభుత్వాలు బాహాటంగా మాట్లాడుకోలేనప్పుడు, పదవిలో లేని పెద్దమనుషులు మాట్లాడుకుని, కుదిరిన మాటను ఎవరి ప్రభుత్వానికి వాళ్ళు చేరవేస్తారట. వీళ్ళు ఒక గదిలో కూర్చోవడానికి కూడా ఒప్పుకోలేదు. ఒకరిది మూడో అంతస్తు, ఇంకొకరిది ఐదు. మధ్యవర్తి ఖతార్ పెద్దాయన, అందరూ షేక్ అనే పిలిచేవాళ్ళు. అన్నదమ్ముల పంచాయితీలో పెద్దమనిషి ఇంటికీ ఇంటికీ తిరిగినట్టు లిఫ్టులో పైకీ కిందికీ తిరిగేవాడు పాపం.

నాకేమో ఒళ్ళు మండేది. రెండు అంతస్తులకీ వేరువేరు టీలు, వేరువేరు భోజనాలు. లిఫ్టు దగ్గర ఒక జట్టు మనిషి రెండో జట్టుకు ఎదురుపడకుండా మేమే కాపలా. మాట్లాడుకోవడానికి వచ్చి మొహాలు చూసుకోకపోతే ఎలాగని, నాతో పనిచేసే బోధన్ సలీం భాయ్ దగ్గర సణిగేవాడిని. ఆయన నాకన్నా పెద్ద, నిదానస్తుడు. నా నోటికి తాళం వేసే మనిషి ఆయనొక్కడే.

వాళ్ళ మాటల మీద మా వంటింట్లో ఒకరి బిడ్డ ప్రాణం ఆధారపడి ఉంది. పేస్ట్రీ షెఫ్ నబీల్ పుట్టింది గాజాలో. భార్యా, ఆరేళ్ళ కూతురూ అక్కడే ఉండిపోయారు. పిల్ల గుండెలో రంధ్రం. దోహా ఆసుపత్రి వాళ్ళు ఆపరేషన్ చేస్తామన్నారు గానీ సరిహద్దు దాటనిచ్చేదెవరు? మీటింగు సరిగ్గా దాని గురించే. గాజా రోగుల్ని వైద్యానికి బయటికి పంపడం ఎలాగని. హోటల్లో ఏ మాటా దాగదు కదా, రెండోరోజుకల్లా మాకు తెలిసిపోయింది. రోగుల్ని వదలడానికి ఇజ్రాయెల్ వైపు ఒప్పుకున్నారు. తోడు వచ్చేవాళ్ళ దగ్గర బండి ఆగిపోయింది. రోగి పేరు చెప్పుకుని ఇంకెవరైనా వస్తారేమోనని వాళ్ళ భయం. ఆరేళ్ళ పిల్ల తల్లి లేకుండా ఎలా వస్తుంది? నబీల్ ఆ మాట ఎవరినీ అడగలేదు. తలవంచుకుని పిండి కలుపుతూనే ఉన్నాడు. చూడలేకపోయేవాళ్ళం.

చివరి సాయంత్రం షేక్ పంతం పట్టి రెండు జట్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టాడు. అరబ్బుల మజ్లిస్ పద్ధతిలో, గోడల వెంబడి ఎత్తు తక్కువ సోఫాలు. వాళ్ళు గహ్వా అని పిలిచే యాలకుల కాఫీ మాత్రమే పెట్టమన్నాడు. మా నోట అది గావా. రోజూ కాచే మనిషి సెలవులో ఉంటే ఆ రోజు నబీలే కాచాడు. కూజా ఎడమచేత, పిడి లేని చిన్న కప్పులు కుడిచేత పట్టుకుని నేను వరసగా పోస్తూ వెళ్ళాను. చాలనుకున్న అతిథి కప్పును కొంచెం ఊపుతాడు, అప్పుడు ఆపాలి.

పాలస్తీనా జట్టులో తల నెరిసిన డాక్టరు ఒకాయన ఉన్నాడు. కప్పు అందుకున్నాడు, పెదవికి తగిలించకుండా ఎదురుగా బల్ల మీద పెట్టేశాడు. చల్లారిన కప్పు అతిథి ముందు ఉండకూడదన్నది మా హోటల్ నియమం. కాసేపు చూసి, తీయడానికి వంగాను. ఆయన నా మొహం కూడా చూడకుండా కప్పు మీద అరచెయ్యి మూశాడు. అది చూసి షేక్ కూడా తన కప్పు కింద పెట్టేశాడు. కాఫీ చెడిపోయిందనుకున్నాను. పరువు పోయిందని మండిపడుతూ వంటింట్లోకి వచ్చాను.

"ఏం కలిపిండో ఏమో సలీం భాయ్, ఆ డాక్టరు నోట్లనే పెట్టలే. షేకు సుత కింద పెట్టిండు" అని, నబీల్ వైపు తిరిగి అదే మాట మా వంటింట్లో అందరికీ వచ్చిన హిందీలో అరిచాను.

నబీల్ పిండి చేతులు ఆగిపోయాయి. రుచి చూశాడా అని అడిగాడు. లేదన్నాను. కప్పు పక్కకు నెట్టాడా, ఎదురుగానే పెట్టుకున్నాడా అన్నాడు. ఎదురుగానే అన్నాను.

"రాజన్నా, ఆయన అడుగుతున్నాడు" అన్నాడు నబీల్. "మా దగ్గర కోరిక ఉన్నవాడు గావా తాగడు. ఇస్తానన్న మాట వచ్చాకే తాగుతాడు. అందాకా పిలిచినవాడూ ముట్టడు. ఆ కప్పు ఎవ్వరినీ ఎత్తనివ్వకు. ఎత్తేస్తే లేదన్నట్టే."

"మేనేజర్ సాబ్ లోపల్నే ఉన్నడు, జల్ది పో" అన్నాడు సలీం భాయ్.

నేను వెళ్ళేసరికి మేనేజర్ ట్రే పట్టుకుని ఆ కప్పు వైపే నడుస్తున్నాడు. వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను. కళ్ళెర్రజేశాడు. వద్దు సార్ అన్నాను, అంతకన్నా చెప్పే వీలు లేదు. అతిథుల ముందు నాతో గొడవపడలేక ఆగాడు. రేపటికి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో అనుకుంటూ గోడకు ఆనుకుని నిలబడ్డాను.

ఇజ్రాయెల్ జట్టులో అందరికన్నా పెద్దాయన పుట్టింది బాగ్దాద్‌లో. అరబ్బీ ఆయనకు అమ్మ భాష. అప్పటికి నాకూ మాటలు అర్థమయ్యేటంత అరబ్బీ వచ్చు. ఆయన ఆ కప్పు వంక చాలాసేపు చూశాడు.

"మా నాన్న ముందు కూడా ఇలాగే కప్పులు పెట్టేవాళ్ళు. చెప్పండి డాక్టర్, ఏం కావాలి?"

"తల్లులు" అన్నాడు డాక్టరు. "చిన్నపిల్లలతో తల్లుల్ని రానివ్వండి."

బాగ్దాద్ పెద్దాయన తనవాళ్ళ వైపు తిరిగాడు. వాళ్ళ భాషలో గుసగుసగా వాదించుకున్నారు. ఒకాయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. చివరికి పెద్దాయన ఇటు తిరిగాడు.

"అందరి సంగతీ నా చేతిలో లేదు. తల్లుల వరకు మా వాళ్ళను ఒప్పించే పూచీ నాది. తాగండి."

డాక్టరు ఆ చల్లారిన గావాను ఒక్క గుక్కలో తాగి, కప్పు ఊపి నాకు అందించాడు. నేను దాన్ని ట్రేలో పెట్టలేదు. చేత్తోనే పట్టుకుని వంటింట్లోకి వచ్చి నబీల్‌కి ఇచ్చాను. అతను కప్పులోకి తొంగి చూశాడు, ఖాళీ. చక్కెర బస్తా మీద కూలబడి, కప్పును గుండెకు హత్తుకుని ఏడ్చాడు. సలీం భాయ్ అల్లాకు దండం పెట్టుకున్నాడు. హమ్మయ్య అనుకున్నాను, నాకూ కళ్ళ నీళ్ళు ఆగలేదు. మర్నాడు మేనేజర్ పిలిచి చీవాట్లు పెట్టాడు. సంగతంతా చెబితే, "ముందే చెప్పొద్దా" అని నవ్వేశాడు.

మాట ఇచ్చినంత తేలిగ్గా గేటు తెరుచుకోలేదు. వారాలు గడిచాయి. ఫోన్ మోగినప్పుడల్లా వంటిల్లంతా నబీల్ మొహమే చూసేది. చివరికి తల్లీ పిల్లా వచ్చారు, ఆపరేషన్ జరిగింది, పిల్ల బతికింది. అక్కడ శాంతి రాలేదు. ఆ ఏర్పాటు కూడా ఎన్నాళ్ళు సాగిందో నాకు తెలియదు. పెద్ద గొడవ తీరకపోయినా, పట్టుబట్టి కూర్చుంటే అందులోంచి ఒక తల్లికి దారి తీయవచ్చని మాత్రం కళ్ళారా చూశాను. ఆ తర్వాత నా కింద చేరిన ప్రతి వెయిటర్‌కీ ఒకటే చెప్పాను. నిండు కప్పు ఎత్తేముందు మనిషి మొహం చూడమని.

పిల్ల కోలుకున్నాక నబీల్ వాళ్ళిద్దర్నీ హోటల్‌కి తీసుకొచ్చాడు. పిల్ల ఖర్జూరం బిస్కెట్లు జేబుల్లో కుక్కుకుంటోంది. నేను తల్లికి గావా పోసి, కూజా పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. కింద పెడుతుందేమోనని కళ్ళప్పగించి చూశాను. ఆమె ఊదుకుంటూ వేడివేడిగా తాగేసి, ఇంకొంచెం పొయ్యమని కప్పు ముందుకు చాపింది.