ఈరోజు మాకు భోజనం లేదు

మా శుక్రవారం ప్రార్థన కూటంలో పాట పాడేటప్పుడు పెదాలు మాత్రమే కదిలేవి. సౌదీలోని అల్ ఖోబర్‌లో ఆసుపత్రి హాస్టల్ గది. కిటికీకి దుప్పటి, తలుపు సందులో తువ్వాలు. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన నర్సులం, అందరం సండే స్కూల్లో పెరిగినవాళ్ళమే. మా నాన్న సంఘ కాపరి. కూర్చోవడం కంటే ముందు మోకరించడమే నేర్చుకున్నానని అమ్మ చెప్పేది. అయినా ఆ దేశంలో మా ఆరాధన గురించి గది బయట ఒక్క మాట అనకూడదన్నది వచ్చిన మొదటి వారంలోనే తెలుసుకున్నాం. తొంభై ఒకటిలో గల్ఫ్ యుద్ధం మొదలయ్యాక, శుక్రవారం పొద్దుగూకేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదని తీర్మానించుకున్నాం. డ్యూటీ పడినవాళ్ళు డ్యూటీలోనే ఉపవాసం.

అలాంటి ఒక శుక్రవారం లండన్ పత్రిక విలేఖరి ఒకడు క్యాజువాలిటీకి కుంటుతూ వచ్చాడు. యుద్ధంలో తగిలిన దెబ్బ కాదు. సైరన్ మోగగానే హోటల్ మెట్లు రెండేసి చొప్పున దిగబోయి చీలమండ బెణికిందట. కట్టు కట్టింది మా చెల్లి. సొంత చెల్లి కాదు. పాలకొల్లు వైపు పిల్ల, నాకంటే ఆరేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేది. కట్టు కట్టినందుకు అతను జేబులోంచి చాక్లెట్ తీసి ఇచ్చాడు. వద్దంది. మళ్ళీ ఇచ్చాడు. ప్రార్థన అనే మాట ఆమె నోట రాకూడదు. ఫాస్టింగ్ అంటే ఎందుకని అడుగుతాడు. అందుకని మన ఇళ్ళల్లో ఉపవాసమున్నవాళ్ళు అనే మాటనే ఇంగ్లీషు చేసి, "టుడే నో ఫుడ్ ఫర్ అజ్," అంది. ఈరోజు మాకు భోజనం లేదు. అంతే. అతను ఫోటో తీసుకుంటానంటే టోపీ సర్దుకుని నిలబడింది కూడా.

యుద్ధం ఆగింది. రంజాన్ మొదలైంది. ఎక్స్‌రే విభాగానికి పెద్ద ఒక ఇంగ్లీషాయన. ఆయనకు భార్య పంపిన ఉత్తరంలో మడతపెట్టి ఒక పత్రిక ముక్క వచ్చింది. మన ఆసుపత్రే కదా అని ఆయన సరదాగా అందరికీ చూపించాడు. అరచేతి వెడల్పు అక్షరాలతో శీర్షిక: యుద్ధరంగంలో ఆకలితో నర్సులు. కింద మా చెల్లి ఫోటో. సైనికుల ప్రాణాలు కాపాడే దేవదూతలకు ఆసుపత్రి తిండి పెట్టడం లేదట. చాక్లెట్ కేసి ఆమె కళ్ళప్పగించి చూసిందట. తీసుకోవడానికి భయపడి గుమ్మం వైపు చూసిందట. ఆమె అన్న ఆ ఒక్క మాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా వేశారు.

నేనది చాలాసార్లు చదివాను. ఫోటో ఆమెదే, మాట ఆమెదే, చాక్లెట్ నిజం. మొత్తం కలిపితే అబద్ధం. అబద్ధ సాక్ష్యం గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నదాన్ని. అబద్ధమంటే లేనిది చెప్పడమనే అనుకుంటూ వచ్చాను. ఉన్నవాటితోనే అబద్ధం అల్లొచ్చని నాకు ఆ కాగితం నేర్పింది. ఎందుకు తినలేదని ఆ మనిషి ఇంకొక్క ప్రశ్న అడగలేదు. అడిగితే వార్త చచ్చిపోతుంది.

ఇంగ్లీషాయన దగ్గరికెళ్ళి ఇది తప్పని చెప్పాను. ఆయన నవ్వాడు. ఆ పత్రికను తమ దేశంలో ఎవరూ నమ్మరనీ, రైల్లో చదివి సీటు మీదే వదిలేస్తారనీ అన్నాడు. నమ్మనిదాన్ని రోజూ ఎందుకు కొంటారని అడిగాను. అలవాటన్నాడు. ఆయన మంచివాడే. ఆ నవ్వు మాత్రం నాకు మింగుడుపడలేదు. నమ్మనివాళ్ళు సీటు మీద వదిలేసిన కాగితం వేల మైళ్ళ దూరంలో ఒక పిల్ల మెడకు చుట్టుకుంది.

ఎందుకంటే రెండు రోజుల్లో ఆ కాగితం ఆఫీసుకు చేరింది. ఆసుపత్రి పరువు తీసినందుకు మా చెల్లికి ఫైనల్ ఎగ్జిట్ కొట్టాలని మాట బయల్దేరింది. అంటే పాస్‌పోర్టు మీద ఆ ముద్రతో ఇంటికి. మళ్ళీ ఇక్కడ అడుగు పెట్టనివ్వరు. నింద ఇంకొకరి మీదా పడింది. మెస్ వంటాయన కేరళ మనిషి, మేమంతా వాళ్ళ భాషలో చేట్టా, అంటే అన్నా, అని పిలిచేవాళ్ళం. సైరన్లు మోగే రోజుల్లో గ్యాస్ మాస్కు మెడలో వేలాడేసుకుని మాకోసం పులుసు కాచినవాడు. ఆయన్ని పిలిచి వంట సామాను ఎక్కడికి పోతోందని అడిగారట. ఆ సాయంత్రం మా చెల్లి పళ్ళెంలో రెండు గరిటెలు ఎక్కువ వేసి, హిందీలో, "తిను తల్లీ, లండన్ నుంచి మళ్ళీ ఎవడైనా చూస్తాడు," అన్నాడు.

కూటంలో పెద్దవాళ్ళు నోరు మెదపొద్దన్నారు. ఉపవాసమని చెబితే ఎందుకంటారు, ప్రార్థన అంటే ఎవరెవరంటారు, గది మొత్తం పోతుంది. దేవుడు చూసుకుంటాడన్నారు. చెల్లి కూడా అదే అంది.

"నేనొక్కదాన్నే పోతానక్కా. మీరందరూ ఉంటారు కదా."

"నువ్వు పోతే ఆ రాత నిజమైపోతుంది. చేట్టా దొంగవుతాడు. దానికి మనం సాక్షులమవుతాం," అన్నాను.

ఆ వారమంతా వార్డులో మందులు ఇచ్చేముందు ప్రతి పేషెంటునూ అడగడం మా పని. మగవాళ్ళనైతే సాయిమ్, ఆడవాళ్ళనైతే సాయిమా. ఉపవాసమున్నావా అని. అవునంటే మాత్రలు సూర్యాస్తమయం తర్వాతే. రోజుకు ముప్పైసార్లు అడిగే ఆ మాట ఒక మధ్యాహ్నం నా నోట్లోనే ఆగిపోయింది. మాకు కావలసిన మాట ఇన్నాళ్ళూ మా చేతిలోనే ఉంది.

మర్నాడు పొద్దున ముదీర్ గదికి వెళ్ళాను. ముదీర్ అంటే పరిపాలన చూసే సౌదీ అధికారి. వెళ్ళేముందు ఆ పత్రిక ముక్క తిప్పి చూస్తే వెనక గుర్రప్పందేల ఫలితాలు, వాటి పక్కన సగం బట్టలతో ఒక అమ్మాయి. ఆకలితో ఉన్న దేవదూతలు ముందు, ఈమె వెనక. ప్లాస్టర్ టేపుతో దానిమీద తెల్ల కాగితం అంటించి తీసుకెళ్ళాను.

ఆయన కూడా ఉపవాసంలో ఉన్నాడు, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆ రోజు మా చెల్లి ఎందుకు అలా అందని అడిగాడు. నాకొచ్చిన వార్డు అరబ్బీలో, "హియ్యా సాయిమా," అన్నాను. ఆమె ఉపవాసంలో ఉంది.

ఆ శుక్రవారం రంజాన్ కాదు, ఆమె ముస్లిం కాదు, ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆమె ఒక్కతేనా అని అడిగాడు. ఇది నేను భయపడిన ప్రశ్న. ఇంకొకరి పేరు నా నోటి నుంచి రాకూడదు, అబద్ధమూ రాకూడదు.

"నేను కూడా," అన్నాను.

ఆయన తర్వాతి ప్రశ్న అడగలేదు. అడగగలిగీ అడగలేదని నాకు తెలుసు. విలేఖరి కూడా ఒక ప్రశ్న అడగకుండా వదిలేశాడు. అతను వార్త కోసం వదిలేశాడు, ఈయన మనుషుల కోసం వదిలేశాడు. కాగితం ముందుకు తోసి, వంటశాల తప్పేమీ లేదనీ, ఆమె తన ఇష్టంతోనే తినలేదనీ రాయమన్నాడు. పైవాళ్ళకు చూపించడానికి పత్రికకు కూడా ఉత్తరం రాసి నకలు ఇవ్వమన్నాడు.

రాశాను. జవాబు లేదు. రెండోది రాస్తే రెండు వాక్యాలు వచ్చాయి: తమ విలేఖరి విన్న మాటలనే ఖచ్చితంగా ప్రచురించామనీ, సవరణ అవసరం లేదనీ. మూడోదానిలో, అతను విన్నది చాలలేదని రాశాను. దానికీ జవాబు లేదు. పంపేముందు ఇంగ్లీషాయన ఆ మూడో ఉత్తరం చదివి ఈసారి నవ్వలేదు. రెండు చోట్ల నా ఇంగ్లీషు దిద్ది, తన పేరు కూడా కింద రాసుకున్నాడు.

ముదీర్‌కు ఆ నకళ్ళు సరిపోయాయి. ఎగ్జిట్ మాట ఆగిపోయింది. కొన్ని వారాల తర్వాత మా చెల్లి కొత్త ఇకామా, అంటే అక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి పత్రం, చేతిలో పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది. ఇంకో రెండేళ్ళు ఉండొచ్చు. అప్పుడు నేను టేబుల్ దగ్గర నాలుగో ఉత్తరం రాస్తున్నాను.

"వచ్చేసింది కదక్కా, ఇంకా ఎందుకు?"

"నీకు వచ్చింది. లండన్‌లో చేట్టా ఇంకా దొంగే," అన్నాను.

ఆమె ఇకామా జేబులో పెట్టుకుని, కుర్చీ లాక్కుంది. తనే కలం తీసుకుని, ఆ రోజు అసలు ఏమన్నదో, దానికి మన భాషలో అర్థమేమిటో తన చేత్తో రాయడం మొదలుపెట్టింది.