మామయ్య కోయించిన చూరు

మేళ్లచెరువు దగ్గర మా మామయ్య పొలంలో ఉన్న రాతి ఇల్లంటే నాకు చిన్నప్పటినుంచీ ఇష్టం. వాళ్ల తాత కట్టించాడట. సున్నపురాతి గోడలు, మూరెడు మందం. రాయికీ రాయికీ మధ్య సిమెంటు లేదు, ఎర్రమట్టే. కింద పెద్ద రాళ్లు, పైన చిన్నవి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గోడకు వీపు ఆనించి పుస్తకం చదువుకుంటే ఫ్యాన్ గుర్తుకే రాదు. పైన తాటాకు కప్పు. దాని చూరు ఎంత కిందికి దిగేదంటే, పొట్టిదాన్నైన నేను కూడా తల వంచాల్సిందే.

మామయ్య సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. నిరుడు కూతురి నిశ్చితార్థానికి ముందు, "వియ్యాలోళ్లు వంగి రావాల్నా?" అంటూ ముందువైపు చూరును రెండు మూరలు కోయించాడు. వాకిట్లోకి వెలుతురొచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను.

ఈసారి వానలు తగ్గాక వెళ్తే ముందుగోడ ఉబ్బి ఉంది. రెండు రాళ్లు ఊడిపడ్డాయి. మేస్త్రీ చూసి, ఇల్లంతా పడగొట్టి కొత్తది కట్టుకోమన్నాడు. మామయ్య సరేనన్నాడు. అత్త గడప మీదనుంచి కదల్లేదు.

"రెండు రాళ్లు ఊడితే ఇల్లు కూలగొడ్తరా? మొన్న నీ పన్ను ఊడితే తలకాయ తీయించుకున్నవా?"

మేస్త్రీ నవ్వాడు. మామయ్య నవ్వలేదు. "రేపు మీద పడితే ఎవరిది పూచీ?"

నేను ఇంటి చుట్టూ తిరిగి చూశాను. మిగతా మూడు గోడల్లో మట్టి గోరుతో గీకినా రాలలేదు. ముందుగోడలో మాత్రం రాళ్ల సందుల్లోకి నా వేళ్లు దూరాయి. అప్పుడు అర్థమైంది. వాననీళ్లను గోడకు దూరంగా పడేసేది ఆ చూరే. కట్టినవాళ్లు లెక్క చూసుకునే అంత కిందికి దించారు.

కొత్తవాళ్ల ముందు మాట్లాడాలంటే నాకు బెరుకు. అత్త చెవిలో చెప్పాను.

"గట్టిగ చెప్పు పిల్లా, మీ మామకు చెవుడు" అందామె.

చెప్పాను. మామయ్య వెనకగోడ దగ్గరికెళ్లి తనూ గోరుతో గీకి చూశాడు.

"ఇన్నేండ్లు సిమెంటు పనిల ఉండి, ఈ మట్టి ఎట్ల నిలబడ్డదో ఆలోచన చెయ్యకపోతి" అన్నాడు. తర్వాత మేస్త్రీ వైపు తిరిగి, "ఉబ్బిన కాడికి ఇప్పి మళ్ల పేర్చు. సిమెంటు వద్దు" అన్నాడు.

గోడ పేర్చడం అయ్యాక తాటాకులు వచ్చాయి. మామయ్య దగ్గరుండి చూరు దించి కట్టిస్తుంటే, అత్తా నేనూ ఊక కలిపిన మట్టిని సందుల్లోకి బొటనవేలితో నొక్కాం. ఏ రాయి దేనికి ఆనుకుందో చూసుకుంటూ నింపడంతో నా పని నెమ్మదిగా సాగింది. అత్త తొందరపెట్టలేదు.