నేను ‘లేదు’ అని టిక్కు పెట్టిన గడి

నేను విదేశానికి విహారయాత్ర వెళ్ళబోయిన కథ చెబుతాను. ముందే హెచ్చరిస్తున్నాను, ఇందులో విదేశం రాదు. విహారం అసలే లేదు. యాత్ర అంటారా, ధర్మవరం నుంచి బెంగళూరు దాకా, అదీ బస్సులో, గడియ పడని తలుపు పక్క సీట్లో. అంత చిన్న ప్రయాణంలో ఒక మనిషి తన కాపురాన్ని ఎంత పాడుచేసుకోగలడో తెలుసుకోవాలంటే మాత్రం వినండి.

ముందు నా నేరం సంగతి. అవును, నేను కోర్టులో శిక్ష పడ్డవాణ్ణి. ఇరవై ఏళ్ళ కిందట మేము కంబదూరులో ఉండేవాళ్ళం. ఆ వేసవిలో బోర్లన్నీ ఎండిపోయాయి. ట్యాంకరు తొమ్మిది రోజులకోసారి వచ్చేది, వచ్చిన రోజు నీళ్ళకంటే తిట్లే ఎక్కువ దొరికేవి. పక్కింటివాళ్ళు గొర్రెలు అమ్మేసి, ఇంటికి తాళం వేసి, బెంగళూరుకు కూలికి పోయారు. మా వీధిలో అలాంటి తాళాలు ఆరు.

ఒక రోజు ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలతో కళ్యాణదుర్గం రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ముందు వరుసలో నా భార్య రత్నమ్మ. ఆమె బిందె వెనక కూర్చుంది, నేను ఆమె వెనక కూర్చున్నాను. అంతలో పోలీసు వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరు నా చొక్కా పట్టుకుని ఎవరు నువ్వని అడిగాడు. 

“నాకేమీ తెల్దు సార్. మా ఆడమనిషి లాక్కొచ్చినాది. ఇదంతా ఆమే చేయించినాది” అన్నాను. ఎవరో తెలియదేమోనని వేలుపెట్టి చూపించాను కూడా. ఆ గోలలో ముందు వరుసకు అదేదీ వినబడలేదు, కనబడలేదు.

స్టేషన్‌కు తీసుకెళ్ళి ఆయన అదంతా శ్రద్ధగా రాసుకున్నాడు. నేను అంతే శ్రద్ధగా సంతకం చేశాను. నన్ను మధ్యాహ్నానికే వదిలేశారు, రత్నమ్మను ఆ సంగతి చెప్పకుండా సాయంత్రం దాకా వేరే గదిలో కూర్చోబెట్టారు. తీసుకురావడానికి వెళితే ఆమె నా వీపు తడిమి చూసి, “నిన్ను కొట్టలేదు గదా?” అని అడిగింది. 

తర్వాత వకీలు చెప్పినట్టు కోర్టులో అందరం నేరం ఒప్పుకుని, జరిమానా కట్టి బయటపడ్డాం. నేను ఇచ్చిన వాంగ్మూలం సంగతి మాత్రం రత్నమ్మకు తెలియదు. తెలియనివ్వకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. నా జీవితంలో పట్టుదలగా చేసిన పని అదొక్కటే.

కాలం గడిచింది. ధర్మవరం చేరి పట్టుచీరల వ్యాపారంలో కుదురుకున్నాం. నాలుగేళ్ళ కిందట మా చీరల వ్యాపారులు కొందరు కలిసి ఒక చలిదేశానికి వెళదామనుకున్నారు. దేశం పేరు చెప్పను, ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. ఎప్పుడూ ఏదీ అడగని రత్నమ్మ మొదటిసారి అడిగింది.

“ఆడ పెద్ద జలపాతం ఉండాదంట. అన్ని నీళ్ళు ఒక్కచోట ఎట్లుంటాయో ఒక్క తూరి చూడల్ల.”

సరేనని బెంగళూరులో వీసా దరఖాస్తులు నింపే ఆఫీసుకు వెళ్ళాం. అక్కడ రేఖ అని ఒక అమ్మాయి ప్రశ్నలు చదువుతూ కంప్యూటరులో నింపుతోంది. పుట్టిన తేదీ, ఉద్యోగం, అన్నీ సాఫీగా సాగాయి. అప్పుడు వచ్చింది ఆ ప్రశ్న: ఏ దేశంలోనైనా, ఎప్పుడైనా, ఏ నేరానికైనా మీకు శిక్ష పడిందా? అవును, లేదు అని రెండు గడులు. ‘అవును’ అంటే వివరాలు రాయాలట.

రత్నమ్మ ఒక్క క్షణం ఆలోచించలేదు. అవునంది. నీళ్ళ కోసం రోడ్డు మీద కూర్చున్న సంగతంతా చెప్పి రాయించింది. పెట్టె అడుగున ఇన్నేళ్ళు దాచుకున్న జరిమానా రసీదు కూడా తెచ్చింది. రేఖ చూసి, ఇది పాత చిన్న కేసు, దాచకుండా చెబితే చాలావరకు ఇబ్బంది పెట్టరని ధైర్యం చెప్పింది.

నా బుర్ర మాత్రం వేరే దారిలో పరిగెత్తింది. అవునంటే వివరాలు అడుగుతారు. వివరాలిస్తే ఫైలు అడుగుతారు. ఫైలులో రత్నమ్మ వైపు చూపించిన నా వేలు ఉంది. అందుకని గంభీరంగా ఉపన్యాసం మొదలుపెట్టాను, నీళ్ళడగడం నేరం కాదని, మనం దొంగలం కామని, లేదని రాయడమే ఆత్మగౌరవమని.

“నేరం కాదని నేనూ అంటాండా. కానీ శిక్ష పడినాది గదా? అడిగిందానికి చెప్పల్ల” అంది రత్నమ్మ.

రేఖ నన్ను రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ లేదన్నాను.

నెల తర్వాత ఆమెకు వీసా వచ్చింది. నాకు ఉత్తరం వచ్చింది. రోడ్డు మీద కూర్చున్నందుకు వాళ్ళకేమీ అభ్యంతరం లేదట, దాన్ని దాచినందుకు అభ్యంతరమట. మూడేళ్ళ దాకా మళ్ళీ అడగవద్దన్నారు. నా బండారం బయటపెట్టింది ఏ గూఢచారో కాదు. రత్నమ్మ తన వివరాల్లో ‘నేనూ నా భర్త ఓబులేసూ కలిసి కూర్చున్నాము’ అని ప్రేమగా రాయించింది.

నువ్వు లేకుండా పోనని మొండికేసింది. నేనే బతిమాలి పంపాను. పన్నెండు రోజులు ఇల్లు బావురుమంది. ఒక పొద్దున నేను ట్యాంకరు వరసలో ఉండగా ఆమె వీడియో కాల్ చేసింది. ఫోను తిప్పి జలపాతం చూపించింది. వరసలో వాళ్ళంతా బిందెలు దించి నా చుట్టూ మూగారు.  ఫోనులోంచి ఆ హోరు చాలాసేపు వినబడింది. తర్వాత రత్నమ్మ ముఖం కనిపించింది. ఏడుస్తోంది.

“నువ్వుంటే బాగుండు” అంది.

మూడేళ్ళు గడవగానే మళ్ళీ దరఖాస్తు పెట్టమని ఆమే నన్ను బయలుదేరదీసింది. ఇద్దరం కలిసి చూడాలట. ఒకసారి అబద్ధమాడినవాణ్ణి కదా, ఈసారి కేసు ఫైలు మొత్తం కావాలన్నారు. వకీలు నకలు తీసిచ్చాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చాలి కాబట్టి బెంగళూరు ఆఫీసులో రేఖ ఒక్కొక్క వాక్యమే పైకి చదువుతోంది. రత్నమ్మను కాఫీ తాగి రమ్మన్నాను. వద్దంది. ఫ్యాను గాలికి తలనొప్పి వస్తుందేమో బయట కూర్చోమన్నాను. ఫ్యాను తిరగడం లేదంది.

రేఖ చదివింది. ‘నేను అమాయకుడను. నా భార్య నన్ను బలవంతముగా తెచ్చినది. ఇదంతయు ఆమే చేయించినది.’

“ఇంకొక తూరి సదువు పాపా” అంది రత్నమ్మ.

రేఖ మళ్ళీ చదివింది. రెండోసారి ఇంకా స్పష్టంగా చదివింది.

  తిరుగు బస్సులో రత్నమ్మ పెనుకొండ దాటేదాకా కిటికీలోంచి బీడు చేలు చూస్తూ కూర్చుంది. అప్పుడు ఒకే ఒక్క మాట అంది.

“ఆ పొద్దు నిన్ను కొడతాండారేమోనని సాయంత్రం దాకా ఏడిసినా.”

నేను ఆ ఫైలును సంచీలో ఇంకా లోపలికి తోశాను. 

వీసా వచ్చింది. అన్నీ నిజాయితీగా వెల్లడించాను కాబట్టి అనుమతించారని రేఖ ఫోన్ చేసి చెప్పింది. ఎగురుకుంటూ ఇంటికి వెళ్ళి రత్నమ్మకు కాగితం చూపించాను. నిదానంగా చూసి, మడిచి నా చేతికే ఇచ్చింది.

“ఆ దేశమోళ్ళు నిన్ను క్షమించినారు, మంచిది. నా దగ్గర మాత్రం నీ దరఖాస్తు ఇంకా పెండింగులో ఉండాది.”

మేము ఇల్లు కదలకుండానే ఆ వీసా గడువు కూడా దాటిపోయింది. కాబట్టి పాఠకులను సాక్షులుగా పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నన్ను ఏ అధికారి ఏ ప్రశ్న అడిగినా, ముందు మా ఆవిడకు నిజం చెప్పి, ఆ తర్వాతే ఆయనకు జవాబు చెబుతాను.