మిరపకాయ చేతులతో కంటి మందు

నా ఉద్యోగం ముసలి చిట్టెలుకల కళ్లు చూడటం. హనుమకొండలో ఒక పరిశోధనశాల. పొద్దున పోయి మైక్రోస్కోపు ముందు కూర్చుంటే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. ఎలుక కంటి వెనకుండే సన్నని పొరను విప్పి, రంగు వేసి, గాజు పలక మీద పరుస్తాం. పడుచు ఎలుకదైతే నాడీకణాలు కిక్కిరిసి ఉంటాయి. వయసు మీదపడితే పలచబడతాయి. గ్లాకోమా వచ్చినదానికి, అంటే కంట్లో ఒత్తిడి పెరిగినదానికి, జాగాలకు జాగాలే ఖాళీ. పోయిన కణం మళ్లీ మొలవదు. ఈ ఒక్క ముక్కనే తిప్పి తిప్పి రాసి నాకు విసుగొచ్చింది.

ఆ ఎలుకలకు మాత్రం ఏమీ పోయినట్టుండదు. బతికున్నన్నాళ్లూ మేత తింటాయి, బోనులో తిరుగుతాయి. నాకు వాటి మీద అప్పుడప్పుడూ కోపం వచ్చేది. చూపు తగ్గుతోందని ఏదో ఒక గుర్తు చూపించొచ్చు కదా అని.

మా ఆయనకు వరంగల్ బజారులో ఎండుమిరపకాయల దుకాణం ఉంది. పోయినేడు ఆయనకూ గ్లాకోమా అని తేలింది. ఎడమ కంట్లో ఎక్కువ. డాక్టరు చుక్కల మందు రాసి, "కొంచెం మంటగా ఉంటుంది, అయినా ఆపొద్దు" అన్నారు. రోజూ దుకాణం కట్టేసే ముందు వేసుకుంటానని ఈయన సీసాను గల్లాపెట్టె పక్కనే పెట్టుకున్నారు.

ఈ వానాకాలంలో మళ్లీ పరీక్ష చేయిస్తే ఎడమ కంటికి పక్క చూపు చాలావరకు పోయిందన్నారు. "మందు రోజూ వేస్తున్నారా?" అని డాక్టరు అడిగితే మా ఆయన గోడ వైపు చూశారు. అసలు సంగతి ఇంటికి వస్తుంటే ఆటోలో చెప్పారు.

"మండుతాంది. అట్లిట్ల మంట గాదు. అందుకే బంద్ వెట్టిన."

"ఎప్పటి సంది?"

"ఎండాకాలం సంది. అయినా నాకేమైంది? కాయ ముంగట వట్టుకుంటే తాలుకాయ ఏదో మంచికాయ ఏదో ఇప్పటికీ చెప్త."

చెప్తారు, నిజమే. తెల్లబడి చెడిన తాలుకాయను ఎంత రాశిలోనైనా ఏరేస్తారు. కానీ ఎదురుగా పట్టుకున్న కాయ ఈ జబ్బులో చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది. పోయేది ముందు పక్కలే. తన చూపుకు తానే పరీక్ష పెట్టుకొని, తానే పాసై, మందు మానేసిన మనిషిని ఏమనాలి?

అయినా ఆ మందు అంత మండదే అని నాకు అనుమానం. ఇంటికొచ్చాక అడిగాను.

"మందేసుకునే ముందు చేతులు కడుక్కునేదా, లేదా?"

"కడుక్కోనా మరి? మంచిగ నీళ్లతోటి కడుక్కునేది."

నీళ్లకు మిరప ఘాటు పోదు. నూనె రాసి, ఆ తర్వాత సబ్బుతో రుద్దాలి. పొద్దంతా కాయ తుంచి కొనేవాళ్లకు గింజ చూపించే ఆ వేళ్లకు ఘాటు తెలియడం ఎప్పుడో మానేసింది. ఆ వేళ్లతోనే కింది రెప్ప లాగి చుక్క వేసుకున్నారు. మండింది మందు కాదు, మిరపకాయ. నాకు ఏడుపొచ్చింది. గట్టిగా నాలుగు మాటలు అనాలని కూడా ఉండింది.

అప్పటి నుంచి పనిలోంచి రాగానే చేతులు కడుక్కొని మందు నేనే వేస్తున్నాను. ఎంత కడిగినా నా చేతులు ఎలుకల వాసనొస్తాయని ఆయన వెక్కిరింపు. ఒకరోజు తల వెనక్కి వాల్చి ఉండగానే అడిగారు.

"మీ ఎలుకలల్ల ఒక్కదానికన్న పోయిన సూపు మళ్లొచ్చిందా?"

"రాలే."

"మరెందుకు ఏత్తానవ్ గీ మందు?"

"ఉన్నది ఉండనీకి."

చుక్క పడ్డాక ఆయన రెండో కన్ను నా వైపు తిప్పారు.

నిన్న సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆయన ముందుగదిలో టీవీ పెద్దగా పెట్టుకొని చూస్తున్నారు. చేతులు కడుక్కొని, మందు సీసా పట్టుకొని వచ్చి, ఆయన ఎడమ పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. ఒక్క నిమిషం నడుము వాల్చి వేద్దామనుకున్నాను. చెయ్యి చాపితే ఆయన భుజం తగిలేంత దగ్గర.

కాసేపటికి ఆయన కుడివైపు, వంటింటి దిక్కు మెడ తిప్పి కేకేశారు.

"ఏమే, వచ్చినవా? మందేస్తవా?"

పక్కనే ఉన్నానని చెప్పబోయి ఆగిపోయాను. చప్పుడు కాకుండా లేచి, ఆయన వెనక నుంచి వంటింట్లోకి పోయి, అక్కడి నుంచి పలికాను.

"వస్తాన."