దృష్టి చూపించమంటే దిష్టి తీసింది మా అమ్మ

రెండు నెలల ముందే పుట్టిన మా చెల్లెలి బిడ్డను కంటి పరీక్షకు ఎందుకు తేలేదని ఈ రోజు పొద్దున కోలారు ఆసుపత్రి నుంచి ఫోన్. ఇంటికి పంపేటప్పుడే చెప్పారట. అమ్మను అడిగాను.

“కన్నడ నర్సమ్మ ‘దృష్టి నోడిస్బేకు’ అనింది. దిష్టే కదాని తీసేసినాను. మిరపకాయలు కాలిస్తే కొంచెం కూడా ఘాటు రాలేదు, అంత దిష్టి ఉండాది!”

ఆ నర్సు చెప్పింది చూపు పరీక్ష చేయించమని! నాకు ఒళ్లు మండిపోయింది. లండన్‌లో నర్సుగా ఉన్న మా పిన్ని కూతురికి ఫోన్ చేశాను. “పుట్టినప్పుడు పావు తక్కువ రెండు కిలోలా? అంత బరువుంటే ఈడ ఆ టెస్టే చెయ్యరక్కా” అంది. అమ్మ ముఖం వెలిగిపోయింది. నాకే కాలు నిలవలేదు. అందరినీ లేవదీసి మా ఊరు ఊరిగాంలో కోలారు బస్సెక్కించాను.

డాక్టరమ్మ బిడ్డ కంట్లో చుక్కలు వేసి చాలాసేపు చూసింది. అమ్మ ఊరుకోలేదు.

“లండన్‌లో అక్కర్లేదంట కదమ్మా?”

“ఆడైతే మరీ గుప్పెడంత బిడ్డలకే కంటి లోపలి పొర చెడే ఈ జబ్బు వస్తాదమ్మా. మన దగ్గర ఇంత బరువున్నోళ్లకీ వస్తా ఉండాది. ఆ దేశం లెక్క మనకు సరిపోదు. ఈ బిడ్డకూ వచ్చేసింది, రేపే లేజర్ చేయాల. ఇంకా ఆలస్యమైతే చూపు పోతాది.”

ఇంటికొచ్చినప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అమ్మ మళ్లీ ఎండుమిరపకాయలు ఏరుతోంది. ఈసారి నేనూ వద్దనలేదు. మీరైతే అనగలరా?