దశరథం అడిగిన రెండో చెంబు

ఆ మధ్యాహ్నం దశరథం మొదటి చెంబు నీళ్లు దించకుండా తాగాడు. మీసం తుడుచుకుని ఇంకో చెంబు అడిగాడు. అదీ తాగి, గద్వాలలో ఇంత తియ్యటి నీళ్లు తాగి ఎన్నేండ్లయిందో అన్నాడు. ఆయన ఆ ఇంటికి వచ్చింది, వాడేసిన నీళ్లను శుద్ధి చేసి మళ్లీ నల్లాల్లో వదులుదామన్న ఆలోచనను అడ్డుకోవడానికి మందిని కూడగట్టేందుకు. ఆయన తాగినవి, ముందురోజు నూలు కడిగిన నీళ్లు.

పోసింది చంద్రకళ. పొరపాటున కాదు, తెలిసే పోసింది.

అది 2003 ఎండాకాలం. కృష్ణ అడుగంటింది. నల్లా ఎప్పుడొస్తుందో నల్లాకే తెలియదు. ట్యాంకర్ హారన్ వినబడితే మగ్గాల మీద మనుషులు మగ్గాల మీదే ఉండేవారు కాదు. నీళ్లు శుద్ధి చేద్దామని మున్సిపాలిటీ ఇంజనీరు చెప్పిన పథకానికి వీధిలో ఒకటే పేరు పడింది: మోరీ నీళ్లు, అంటే మురుగుకాలవ నీళ్లు. ఆ పేరు పెట్టింది కూడా దశరథమే.

చంద్రకళ పుట్టిల్లు గట్టు దగ్గర ఒక మెట్ట పల్లె. నీళ్ల విలువ ఆమెకు ఎవరూ నేర్పనక్కరలేదు. వెంకటస్వామిని చేసుకుని గద్వాల వచ్చాక ఆమె చేతికి వచ్చిన పని నూలు కడగడం. రంగు వేసే ముందు తెల్ల నూలు చిలపల్ని, అంటే నూలు కట్టల్ని, నానబెట్టి, తొక్కి, జాడించాలి. ఉప్పు నీళ్లయితే రంగు సరిగా పట్టదని ఆఖరుసారి నల్లా నీళ్లతోనే జాడించేది; అవి పారబోయడానికి ఆమెకు ప్రాణం ఒప్పేది కాదు. అడుగున చిల్లులు పెట్టిన కుండల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి, గులకరాళ్లు, ఇసుక, బొగ్గులు నింపి, వాటి గుండా ఆ నీళ్లు వడగట్టేది. కింది కుండలోకి చుక్కచుక్కగా దిగిన నీళ్లు మళ్లీ నూలుకే. మనుషులకు కాదు. ఆ కుండ మగ్గం పక్కన, తాగే కుండ వంటింట్లో. ఇంట్లో ఎవరూ ఆ హద్దు దాటింది లేదు.

ఆ రోజు తాగే కుండ అడుగు కనిపించింది. పక్కింటి రజియాబీ దగ్గర పొద్దున్నే ఒక బిందె తెచ్చుకుంది. మళ్లీ అడగడానికి మొహం చెల్లలేదు. వచ్చినవాడు చూస్తే దశరథం. వెంకటస్వామి జ్వరంతో పడుకున్నప్పుడు తన మగ్గం ఆపుకుని వచ్చి ఈ మగ్గం మీది చీర దించిపెట్టిన మనిషి. ఎండలో నడిచొచ్చి, అరుగు మీద కూర్చుని, అడక్కుండానే చెయ్యి చాపాడు. చంద్రకళ చెంబు పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది, అక్కణ్నుంచి మగ్గం పక్కకు వెళ్లింది.

మర్నాడు దశరథం ఇంటి తలుపు మూసి ఉంది. ఆ నీళ్లు ఆయనకు పడలేదేమో అనుకుంది చంద్రకళ. చల్ల అడిగే నెపంతో వెళ్లి కదిపితే, ఆయన భార్య సాయమ్మ తాపీగా, వీపనగండ్లలో చుట్టాల పెండ్లికి పోయిండని, పోతూ పోతూ నీ ఇంటి నీళ్లే తలుచుకున్నడని చెప్పింది. మనిషి బాగున్నాడన్న సంతోషం ఇంటికి చేరేలోపే ఆవిరైంది. ఆయన మెచ్చుకుంటున్నకొద్దీ తన తప్పు పెరుగుతున్నట్టు తోచింది.

ఆ వారంలోనే చేనేత సంఘం హాల్లో మీటింగు. ఇంజనీరు ఓపిగ్గా చెప్పాడు. దవాఖాన మోరీ కూడా అందులోనే కలుస్తుందా అని ఒకరు అడిగారు. శుభ్రమైతే తాగడానికి తనకేం ఇబ్బంది లేదని, కాకపోతే మొదటి గ్లాసు సారు తాగాలని రజియాబీ అంది. అప్పుడు దశరథం లేచాడు.

"నీళ్లంటే ఎట్లుండాల్నో నేను జూపిస్త సార్. జర ఆగుండ్రి. చంద్రకళా, నీ ఇంటి నీళ్లు ఓ చెంబు తే బిడ్డా."

ఇల్లు ఎదురుగానే. ఆ రోజు ట్యాంకర్ వచ్చింది కాబట్టి తాగే కుండ నిండుగా ఉంది. అందులోవి ముంచుకుని పోతే ఎవరికీ తెలియదు. కానీ అవి బోరు నీళ్లు, ఉప్పన. ఇంజనీరు నోట పెట్టుకున్న మరుక్షణం దశరథం అబద్ధాలకోరు అవుతాడు. రెండో కుండలోవి ముంచడానికి ఈసారి చెయ్యి లేవలేదు. రెండు కుండల మధ్య కాసేపు నిలబడి, ఖాళీ చెంబుతో తిరిగొచ్చింది.

"గా దినం మామ తాగినవి నూలు కడిగిన నీళ్లు సార్. నేనే వడగట్టిన. మామకు తెల్వదు. తప్పు నాది."

హాలు గొల్లుమంది. ఇంజనీరు నవ్వలేదు. తేటగా ఉన్నంత మాత్రాన తాగే నీళ్లు కావమ్మా, ఇంకెవరికీ పోయకు, పరీక్ష చేయకుండా మేమూ పోయం అన్నాడు. ముందు పరీక్షలు, ఆ తర్వాత మళ్లీ మీటింగు అని తేల్చారు. ఆ తేల్చింది ఎవరికీ గుర్తు లేదు; చెంబు అందరికీ గుర్తుంది. ఇంటికి వచ్చేదాకా వెంకటస్వామి భార్యను ఒక్కటే మాట అడిగాడు, తనకు గానీ ఎప్పుడైనా పోసిందా అని. లేదని ఒట్టేసింది. అయినా ఆయన కొన్నాళ్లు చెంబులోకి తొంగిచూసి తాగాడు.

టీ కొట్టు దగ్గర దశరథాన్ని "మామా, రెండోది పోయమంటవా?" అని ఆటపట్టించడం మొదలైంది. ఆయన మోరీ నీళ్ల గురించి నోరెత్తితే చాలు, ఎవరో ఒకరు చెంబు ఎత్తి చూపేవారు. నలుగురిలో మాట చెల్లిన మనిషి సందు మార్చి నడవడం మొదలుపెట్టాడు. తలుపు సందులోంచి అది చూసిన ప్రతిసారీ చంద్రకళ చేతిలో నూలు చిక్కు పడేది.

ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. అరుగు మీద కూర్చోలేదు. చంద్రకళ పరుగున రజియాబీ ఇంటికి పోయి, మొహమాటం మింగి, చెంబు నింపి తెచ్చింది. ఆయన చెంబులోకి చూశాడు, ఆమె వైపు చూశాడు.

"గంత మందిల నా పరువు తీస్తివి. పోసేటప్పుడే జెప్తే ఏమైతుండె బిడ్డా?"

చంద్రకళ చెంబు అరుగు మీద పెట్టింది.

"ఎండకొచ్చిన మనిషికి నీళ్లు లేవని చెప్పనీకి నోరు రాలే మామా, రెండో చెంబు మాత్రం మీరే అడిగిండ్రు."