ఆయన వచ్చారు, ఫోన్ రాలేదు

మా రహమతుల్లా బాబాయి ఏ పనైనా ఎవరికైనా అప్పగించేవారు గానీ, నెట్‌వర్క్‌ని ఎంచుకునే పని మాత్రం సెల్‌ఫోన్‌కి అప్పగించేవారు కాదు. ఊరు దాటితే అది ఆయన చేతుల మీదుగా జరగాల్సిందే.

బెజవాడ వన్ టౌన్‌లో ఆయనది గాజుల హోల్‌సేల్ కొట్టు. కొట్టు మీద వాళ్ల ఇల్లు, ఎదురు మేడ మీద మా ఇల్లు. నాన్నకు స్నేహితుడు. నాన్న పోయాక మాకు పెద్దదిక్కు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మామూలు మనుషుల చేతుల్లోకి వస్తున్న రోజులవి. సరుకు కోసం ఆయన తరచూ మద్రాసు వెళ్లేవారు. రైలు తమిళనాడులోకి వెళ్లగానే మన కంపెనీ సిగ్నల్ పోతుంది. అందరూ ఫోన్‌ని దాని మానాన వదిలేస్తారు. బాబాయి మాత్రం కళ్లజోడు పెట్టుకుని, సెట్టింగుల్లోకి వెళ్లి, అక్కడ గాలిలో ఉన్న కంపెనీల పేర్లన్నీ తెర మీదకు రప్పించి, పెళ్లిచూపులకు వచ్చినట్టు కూర్చునేవారు.

"అదే వెతుక్కుంటుంది కదా బాబాయ్?" అని అడిగాను ఓసారి.

"వెతుక్కుంటుంది. ఎలాగో తెలుసా? ముందు సొంతిల్లు చూస్తుంది. లేదు. సిమ్ములో రాసిపెట్టిన చుట్టాల్ని చూస్తుంది. వాళ్లూ లేరు. ఇహ ఎవడి గొంతు గట్టిగా వినిపిస్తే వాడింట్లో దిగిపోతుంది. గట్టిగా అరిచేవాడింట్లో భోజనం బాగుంటుందా అమ్మా?"

ఈ పట్టింపు ఫోన్‌తో ఆగలేదు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగితే టీ కొట్లన్నీ చుట్టి చూసి, ప్రతిసారీ మొదటి కొట్టుకే తిరిగొచ్చి తాగేవారు. కండక్టరు విసుక్కుంటే, "వెతకనివ్వు నాయనా," అనేవారు. ఓసారి మద్రాసు రైల్లో పెట్టెలో వాళ్లంతా తమ ఫోన్లు కూడా ఆయన చేతిలో పెట్టారట. అందరికీ సంబంధాలు కుదిర్చి, ఎవరి ఫోన్ ఎవరిదో మరిచిపోయారు. సెంట్రల్ స్టేషన్లో పెద్ద పంచాయితీ అయింది.

అసలు చిక్కు తిరిగొచ్చాక. చేత్తో ఒక పేరు చూపిస్తే ఫోన్ ఆ పేరునే పట్టుకుని వేలాడుతుంది. మద్రాసు టవరు బెజవాడలో ఎక్కడ దొరుకుతుంది? మళ్లీ మార్చాలన్న సంగతి ఆయనకు గుర్తుండేది కాదు. ఫోన్ మూగనోము పట్టేది. నఫీసా పిన్ని మేడ మీంచి మా అమ్మని కేకేసి చెప్పేది.

"ఆయన వచ్చారక్కా, ఫోన్ ఇంకా రాలేదు."

ఆ ఏడు అమ్మకు జబ్బు చేసింది. మద్రాసు తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. నావి ఎమ్మే ఆఖరి పరీక్షలు. నేను రాయకపోతే తను మందు మింగనని అమ్మ భీష్మించుకుంది. వార్డులో తోడుకి లక్ష్మీనరసమ్మ పెద్దమ్మ, బయటి పనులకు బాబాయి వెళ్లారు. నేను పిన్ని దగ్గర ఉండిపోయాను. నాకు కావలసింది ఒక్కటే, రోజూ సాయంత్రం అమ్మ గొంతు. అది బాబాయి ఫోన్‌లోంచే రావాలి.

"బాగా రాశావా అమ్మా? నా గొంతు ఎలా వినబడుతోంది?"

"బాగా వినబడుతోంది బాబాయ్. అమ్మకివ్వండి."

"బాగా అంటే చాలదు, గాజుల్లా గలగలలాడాలి. ఇది లాభం లేదు. ఇంకోటి వెతికి చేస్తా."

అంతే, పెట్టేసేవారు. నేను పుస్తకం తెరిచి కూర్చునేదాన్ని. పేజీ తిరిగేది కాదు.

"ఈ మనిషి పిచ్చి తగలెయ్య," అంటూ పిన్ని నాకు అన్నం కలిపి పెట్టేది.

చాలాసేపటికి మళ్లీ మోగేది. "దొరికిందమ్మా, బంగారంలాంటి సిగ్నల్. ఇదిగో మీ అమ్మ." అమ్మ మెల్లగానే అయినా మామూలుగా మాట్లాడేది. ఏ ప్రశ్నలొచ్చాయని అడిగేది. రానురాను రెండు మూడుసార్లు వెతికితే గాని ఆ బంగారం దొరికేది కాదు. ఆఖరి పరీక్ష ముందు రోజు నాకు కోపం వచ్చింది.

"ఏదో ఒకటి ఉంచండి బాబాయ్. గరగరలాడినా ఫర్వాలేదు."

అవతల ఏదో తలుపు మూసిన చప్పుడయింది.

"గరగర నీకెందుకమ్మా," అన్నారు. "నన్ను వెతకనీ."

పరీక్షలు అయిపోగానే అమ్మను ఇంటికి తెచ్చేశారు. ఇక చేయగలిగిందేమీ లేదని పంపించేశారట. రైలు వచ్చే వేళకి పిన్ని, లైన్ కలవదని తెలిసీ, అలవాటుకొద్దీ ఆయనకు ఫోన్ చేసింది. కలిసింది. స్టేషన్ బయట ఆటో మాట్లాడుతున్నామన్నారు ఆయన. పిన్ని రిసీవర్ వంక అనుమానంగా చూసింది.

"ఈసారి ఫోన్ కూడా వచ్చిందే," అంది.

ఆ రోజు దాని గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేదు.

అమ్మ తొలకరికి ముందే పోయింది. కర్మ అయ్యాక పెద్దమ్మ తన ఊరికి ప్రయాణమై సంచి సర్దుకుంటోంది. మాటల్లో నేను ఆ సిగ్నల్ వెతుకులాట సంగతి ఎత్తాను. పెద్దమ్మ సర్దడం ఆపేసింది.

"వెతకడమా? అక్కడున్నన్నాళ్లూ ఆయన ఆ ఫోన్‌లో దేన్నీ ముట్టుకోలేదే. రైలు దిగగానే, దాని పని అదే చూసుకునేట్టు పెట్టేశాడు. తను వెతుకుతుండగా నువ్వు చేస్తే అందదేమోనని భయం. వార్డులో సిగ్నల్‌కేమే, నిండుగా ఉండేది."

"మరి ఫోన్ ఎందుకు పెట్టేసేవారు?"

"సాయంత్రమయ్యేసరికి మీ అమ్మకు నొప్పి లేచేది. ఆ మూలుగు నీ చెవిన పడకూడదని కట్ చేసేవాడు. సూదిమందు పట్టి అది కాస్త నెమ్మదించాక మళ్లీ కలిపేవాడు. ఈలోపు వరండాలో నిలబడి ఆ కళ్లజోడు తుడిచిందే తుడిచేవాడు."

మర్నాడు బాబాయి ఎదురుపడితే నేనేమీ అడగలేదు. మద్రాసు నుంచి వచ్చిన ఎవరిదో ఫోన్ చేతిలో పెట్టుకుని, దానికి మంచి నెట్‌వర్క్ చూస్తున్నారు.

మరుసటి ఏడు చల్లపల్లిలో కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. మొదటి రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేశారు.

"పాఠం చెప్పావా అమ్మా?"

"చెప్పాను బాబాయ్."

"పిల్లలు విన్నారా?"

"విన్నట్టే కూర్చున్నారు."

నవ్వారు. "మీ అమ్మే ఉంటే ఈపాటికి వీధంతా..." అని ఆగిపోయారు. "సిగ్నల్ పోతోందమ్మా. ఇంకోటి వెతికి చేస్తా."

ఆయన వెనకాల తోపుడుబండి వాడు జరగండి జరగండి అని అరుస్తున్నాడు. ఎవరో గాజుల పెట్టెలు దింపుతున్నారు. ఆ గలగల నా పక్కనే ఉన్నంత స్పష్టంగా వినిపిస్తోంది.

"కొట్లోనే ఉన్నారా బాబాయ్?"

"కొట్లోనే."

"అయితే నిదానంగా వెతకండి," అన్నాను. "దొరికేదాకా నేనిక్కడే కూర్చుంటాను."